థ్యాంక్యూ చెప్పే అరటిపండు బ్రెడ్



సెప్టెంబర్ 5న ఉపాధ్యాయ దినోత్సవం. ఇప్పటికే మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక చర్చ మొదలై ఉంటుంది. మేడమ్‌కి ఏం ఇద్దాం? తలా ఎంత వేసుకుందాం? ఒకరు చీర అంటారు, ఒకరు గిఫ్ట్ కార్డు అంటారు, ఇంకొకరు వాచీ అంటారు. ఇవ్వగలిగినవాళ్లు వెంటనే సరే అంటారు. ఆ నెల రెండో టర్మ్ ఫీజు, వ్యాన్ ఫీజు కట్టి చెయ్యి ఖాళీ అయినవాళ్లు మాట్లాడకుండా డబ్బు పంపేస్తారు. టీచర్‌కి కూడా అది ఇబ్బందే. ఖరీదైన వస్తువు తీసుకున్నాక ఆ పిల్లవాడి పేపరు దిద్దేటప్పుడు ఎవరూ ఏమీ అనకపోయినా, అనుకునే అవకాశం మాత్రం మిగిలిపోతుంది.

మరి కృతజ్ఞత చెప్పవద్దా? తప్పకుండా చెప్పాలి. అయితే అది పిల్లల చేతుల మీదుగా రావాలి, తీసుకున్నవారికి బరువు కాకూడదు, తిన్న పూట సంతోషంగా తిని మరిచిపోగలిగేదిగా ఉండాలి. అలాంటి ఒక కానుక గురించే ఈ నెల వ్యాసం. బాగా పండిపోయి, ఎవరూ ముట్టుకోని మూడు అరటిపళ్లతో ఇంట్లోనే చేసే అరటిపండు బ్రెడ్. ఎలా చేయాలో ఒక్కటే చెప్పి ఊరుకోవడం లేదు. ఎందుకు అలా చేయాలో, ఎవరికి ఇవ్వాలో, ఇచ్చే ముందు ఏం అడగాలో కూడా చూద్దాం.

అరటిపండు మనకు కొత్త కానుక కాదు

మన ఇళ్లలో అరటిపండు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నదే. పేరంటానికి వచ్చిన ముత్తయిదువకు తాంబూలంలో రెండు అరటిపళ్లు పెడతాం. పెద్దవాళ్లను చూడబోతే వట్టి చేతులతో వెళ్లకూడదని దారిలో డజను పళ్లు కొంటాం. ఆస్పత్రిలో ఉన్నవారిని పలకరించడానికీ అదే. ధనిక, పేద తేడా లేకుండా ఎవరైనా ఇవ్వగలిగిన పండు, ఎవరైనా మొహమాటం లేకుండా పుచ్చుకోగలిగిన పండు అది. ప్రపంచంలో అరటి ఎక్కువగా పండించే దేశం మనదే. కోనసీమ ముఖద్వారంలో ఉన్న రావులపాలెం అరటి మార్కెట్ పేరు వినని తెలుగువారు తక్కువ.

ఇంట్లో కాల్చిన కేకును ఇరుగుపొరుగుకు పంచడం కూడా మన ప్రాంతానికి కొత్త కాదు. తార్నాక నుంచి మెట్టుగూడ వైపు వెళ్తే వచ్చే లాలాగూడ రైల్వే వాడల సంగతే చూడండి. నిజాం కాలపు రైల్వే కంపెనీ 1893లో ఇక్కడ క్యారేజ్ వర్క్‌షాపు పెట్టింది. దాని చుట్టూ క్వార్టర్లు వచ్చాయి. వాటిలో తెలుగు, తమిళ, ఉర్దూ కుటుంబాలతో పాటు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ ఉండేవి. క్రిస్మస్ వచ్చిందంటే ఒక పళ్లెంలో కేకు ముక్క, కల్‌కల్స్, గులాబీ పువ్వులు పెట్టి, పైన గుడ్డ కప్పి పక్కింటికి పంపేవారు. ఇంట్లో ఓవెన్ లేనివాళ్లు పిండి కలుపుకొని, టిన్నుల్లో పోసుకొని, దగ్గర్లోని బేకరీకి తీసుకెళ్లి కాల్పించుకునేవారు. సికింద్రాబాద్ వైపు ఈ పద్ధతి పాత కుటుంబాలకు బాగా గుర్తు.

పళ్లెం వచ్చినప్పుడు దాన్ని ఖాళీగా తిప్పి పంపకూడదన్నది మనవాళ్ల మర్యాద. సంక్రాంతికి అరిసెలో, ఉగాదికి బొబ్బట్లో, రంజాన్‌కు షీర్ ఖుర్మానో, ఏదో ఒకటి అదే గిన్నెలో తిరిగి వెళ్లేది. ‘ధన్యవాదాలు’ అనే మాట మన ఇళ్లలో నోటితో తక్కువ, గిన్నెతో ఎక్కువ పలికింది. మన పిల్లలు ‘థ్యాంక్యూ’ అనే మాటను స్కూల్లో రోజుకు ఇరవైసార్లు అంటారు. ఆ మాట వెనక కాస్త పని, కాస్త సమయం కూడా ఉండాలని వాళ్లకు తెలియడానికి ఈ వంట ఒక మంచి దారి.

పేరు బ్రెడ్, తీరు కేకు

బేకరీలో దొరికే బ్రెడ్‌ను ఈస్ట్ పొంగిస్తుంది. దానికి గంటల సమయం కావాలి, పిండిని బాగా పిసకాలి. అరటిపండు బ్రెడ్‌లో ఈస్ట్ ఉండదు. వంట సోడా, బేకింగ్ పౌడర్ దాన్ని పొంగిస్తాయి. పొడవాటి బ్రెడ్ టిన్నులో కాల్చి ముక్కలుగా కోస్తాం కాబట్టి బ్రెడ్ అన్న పేరు వచ్చింది. రుచిలో, తయారీలో అది కేకుకే దగ్గర.

అమెరికాలో 1930ల్లో వంట పుస్తకాల్లో ఈ వంటకం బాగా కనిపించడం మొదలైంది. అది ఆర్థిక మాంద్యం కాలం. పండిపోయిన పండును కూడా పారేయడానికి మనసొప్పని రోజులు. వంట సోడా, బేకింగ్ పౌడర్ అప్పటికే ప్రతి ఇంటికీ చేరి ఉన్నాయి. తొంభై ఏళ్ల తర్వాత, 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లలో చిక్కుకున్న జనం మళ్లీ ప్రపంచమంతటా ఇదే వంట మీద పడ్డారు. రెండుసార్లూ కారణం ఒక్కటే. ఉన్నదానితో అవుతుంది, చెడగొట్టడం కష్టం.

ఏ పండు, ఎప్పుడు?

ఈ వంటలో సగం రుచి పండు దగ్గరే తేలిపోతుంది. పచ్చి అరటికాయ గుజ్జులో దాదాపు ఐదో వంతు పిండి పదార్థం ఉంటుంది. కాయ పండుతున్నకొద్దీ ఎథిలీన్ అనే వాయువు దానిలోనే పుడుతుంది. దాని ప్రభావంతో ఎంజైములు ఆ పిండి పదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. పూర్తిగా పండేసరికి పిండి పదార్థం ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. తొక్క మీద గోధుమ రంగు మచ్చలు కనిపించడం ఆ మార్పు చివరికి వచ్చిందనడానికి గుర్తు. గుజ్జు మెత్తబడుతుంది, వాసన పెరుగుతుంది. పసుపు పచ్చగా, గట్టిగా ఉన్న పండుతో చేస్తే బ్రెడ్ చప్పగా ఉండి, మధ్యలో గడ్డలు తగులుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మార్కెట్‌లో కొన్ని గెలలు బయటికి నిండు పసుపుగా ఉంటాయి గానీ లోపల ఇంకా కాయగానే ఉంటాయి. క్యాల్షియం కార్బైడ్‌తో పళ్లను మాగబెట్టడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. పరిమితికి లోబడి ఎథిలీన్ వాయువును వాడటాన్ని మాత్రం అనుమతించాయి. ఏ విధంగా మాగబెట్టినా పండు ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు గాలి తగిలేలా బయట ఉంచి, మచ్చలు పడేదాకా ఆగండి. తొందరగా పండాలంటే కాగితం సంచిలో పెట్టి మూతి మడవండి. పండు విడిచే ఎథిలీన్ లోపలే ఉండి పని వేగంగా జరుగుతుంది. ఆపిల్ ఒకటి పక్కన పెడితే ఇంకా త్వరగా పండుతుంది. ఇది ఇంట్లో పిల్లలు చేసి చూడదగ్గ చిన్న ప్రయోగం. ఒక పండు సంచిలో, ఒక పండు బయట ఉంచి, రోజూ ఫొటో తీయమనండి.

మచ్చల పండు వేరు, చెడిన పండు వేరు. తొక్క నల్లబడినా లోపల గుజ్జు లేతరంగులో, తీపి వాసనతో ఉంటే వాడవచ్చు. పులిసిన వాసన వచ్చినా, నీరు కారినా, బూజు కనిపించినా పారేయండి. ఇప్పుడు వండే తీరిక లేకపోతే తొక్క తీసి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. వాడే ముందు బయటపెట్టి, కరిగిన నీటితో సహా మెదపండి.

రకం విషయానికి వస్తే, తోపుడు బండి మీద దొరికే మామూలు పొడవాటి అరటి సరిపోతుంది. చక్కెరకేళి ఎక్కువ తీపి, కాబట్టి చక్కెర కొంచెం తగ్గించవచ్చు. అమృతపాణికి సువాసన ఎక్కువ. చిన్న యాలకి అరటి అయితే ఎక్కువ పళ్లు పడతాయి. అందుకే పళ్లను లెక్కపెట్టకండి, తూచండి. మనకు కావలసింది 300 గ్రాముల గుజ్జు.

చేసే ముందు అడగవలసినవి

కానుక తెచ్చి చేతిలో పెట్టాక ‘నాకు షుగర్ అండీ’ అని చెప్పాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. మీరు ఇవ్వాలనుకునే నలుగురిలో ఒకరికి ఉండటం ఆశ్చర్యం కాదు. కాబట్టి రెండు రోజుల ముందే మర్యాదగా అడిగేయండి.

మొదటి ప్రశ్న తీపి గురించి. ఈ బ్రెడ్‌లో 90 గ్రాముల చక్కెర లేదా బెల్లం పడుతుంది. పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు 9 గ్రాములు, అంటే దాదాపు రెండు చెంచాలు. పండులో ఉండే చక్కెర దీనికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిపిన చక్కెరల వంటివి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటవద్దని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని చెబుతుంది. రోజుకు 2000 కేలరీలు తీసుకునే పెద్దవారికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. ఒక ముక్కతో అందులో మూడో వంతుకు పైగా అయిపోతుంది. బెల్లం వేశాం కదా, షుగర్ ఉన్నవాళ్లకు ఫర్వాలేదు అనుకోవద్దు. బెల్లం రంగూ రుచీ మారుస్తుందేమో గానీ రక్తంలో చక్కెర విషయంలో చక్కెరకు పెద్ద తేడా లేదు. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. దాని గేటు ముందు నుంచి రోజూ వెళ్లే మనం ఈ బ్రెడ్‌ను ‘హెల్తీ’ అని చెప్పి ఇవ్వడం బాగుండదు. ఇది తీపి వంటకం. తీపి వంటకంగానే, ఒక ముక్కగానే ఇద్దాం.

రెండో ప్రశ్న గుడ్డు గురించి. కొందరు ఎప్పుడూ తినరు. కొందరు శ్రావణ మాసంలో తినరు, కొందరు మంగళ, శనివారాలు తినరు. అందుకే కింద ఇచ్చిన కొలత గుడ్డు లేనిది. ఎవరికి ఇచ్చినా ఇబ్బంది ఉండదు. ఉపవాసం ఉండే రోజైతే ఒక రోజు ఆగి ఇవ్వండి.

మూడో ప్రశ్న పడని పదార్థాల గురించి. వాల్‌నట్, బాదం, జీడిపప్పు, పల్లీ కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయి. గోధుమ, పాలు పడనివారూ ఉంటారు. తెలియకపోతే గింజలు వేయకండి. చిన్న పిల్లలున్న ఇంటికి ఇస్తుంటే గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది.

కావలసినవి

ఒక బ్రెడ్ టిన్నుకు, అంటే సుమారు 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్నదానికి ఈ కొలత. పది ముక్కలు వస్తాయి.

బాగా పండిన అరటిపండు గుజ్జు: 300 గ్రాములు
మైదా: 100 గ్రాములు
గోధుమ పిండి: 100 గ్రాములు
చక్కెర లేదా బెల్లం పొడి: 90 గ్రాములు
వాసన లేని వంట నూనె: 80 మిల్లీలీటర్లు
పుల్లటి పెరుగు: 60 గ్రాములు
పాలు: 3 పెద్ద చెంచాలు
వంట సోడా: ముప్పావు టీ స్పూను
బేకింగ్ పౌడర్: అర టీ స్పూను
ఉప్పు: పావు టీ స్పూను
యాలకుల పొడి: అర టీ స్పూను

గుడ్డు తినేవారికే అని తెలిస్తే పెరుగు, పాలు మానేసి రెండు గుడ్లు వేయండి. పెరుగు పులుపు ఉండదు కాబట్టి అప్పుడు సోడా అర టీ స్పూనుకు తగ్గించండి. టీ స్పూను అంటే కొలత స్పూను, తలగొట్టి వేయాలి. సోడా విషయంలో ఉజ్జాయింపు పనికిరాదు.

చేసే విధానం, దాని వెనక కారణం

ముందు ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయడానికి పెట్టండి. టిన్నుకు నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేయండి. ఇవి మొదట చేయాలనడానికి కారణం ఉంది. సోడా తడి తగిలిన క్షణం నుంచే వాయువు వదలడం మొదలుపెడుతుంది. పిండి కలిపాక ఓవెన్ వేడెక్కేదాకా కూర్చుంటే ఆ బుడగలు బయటికి పోతాయి.

ఒక గిన్నెలో మైదా, గోధుమ పిండి, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు, యాలకుల పొడి కలిపి రెండుసార్లు జల్లించండి. సోడా ఒకచోట ఉండలా మిగిలితే తిన్నవారికి ఆ ముక్కలో చేదు తగులుతుంది.

ఇంకో పెద్ద గిన్నెలో అరటిపళ్లను ఫోర్కుతో మెదపండి. మిక్సీ వద్దు. మిక్సీలో వేస్తే గుజ్జు జిగటగా పలచబడి బ్రెడ్ బరువుగా వస్తుంది. అక్కడక్కడా చిన్న తునకలు మిగిలితే మంచిదే. అందులో చక్కెర, నూనె, పెరుగు, పాలు వేసి ఒక నిమిషం బాగా కలపండి.

ఇప్పుడు పొడి పిండిని తడి మిశ్రమంలో వేసి, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి. పొడి పిండి కనిపించడం ఆగగానే మీరూ ఆపేయండి. సుమారు పన్నెండు, పదిహేను తిప్పులు చాలు. గోధుమలోని ప్రోటీన్లు తడితో కలిసి గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. చపాతీ పిండికి అది కావాలి, అందుకే పిసుకుతాం. ఇక్కడ అది ఎక్కువైతే బ్రెడ్ రబ్బరులా సాగుతుంది. ఇంట్లో అందరూ ‘ఇంకాస్త కలపాలేమో’ అంటారు. ఇందులో చేసే పొరపాట్లలో ముందుండేది అదే.

మిశ్రమాన్ని టిన్నులో పోసి వెంటనే ఓవెన్ మధ్య అరలో పెట్టండి. 50 నుంచి 60 నిమిషాలు పడుతుంది. మొదటి 40 నిమిషాలు తలుపు తెరవకండి. లోపలి వేడి తగ్గితే ఇంకా గట్టిపడని పిండి మధ్యలో కుంగుతుంది. పైభాగం త్వరగా నల్లబడుతుంటే 40 నిమిషాల తర్వాత పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. మధ్యలో టూత్‌పిక్ గుచ్చి తీస్తే తడి పిండి అంటకూడదు. ఒకటి రెండు పొడి పొడి తునకలు అంటుకుంటే ఫర్వాలేదు.

పొంగడం ఎలా జరుగుతుందో పిల్లలకు చెప్పండి. వంట సోడా క్షారం. పెరుగు, అరటిపండు కొద్దిగా ఆమ్ల గుణం ఉన్నవి. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ బుడగలు వేడికి వ్యాకోచిస్తాయి, చుట్టూ ఉన్న పిండి ఉడికి గట్టిపడి వాటిని అలాగే పట్టుకుంటుంది. కోసిన ముక్కలో కనిపించే రంధ్రాలు అవే. ఏడో తరగతి సైన్స్‌లో ఆమ్లాలు, క్షారాలు చదివిన పిల్లలకు ఇది పుస్తకం నుంచి బయటికి వచ్చిన పాఠం. సోడా ఎక్కువ వేస్తే ఆమ్లం సరిపోక మిగిలిపోతుంది. అందుకే సబ్బు రుచి వస్తుంది, రంగు మరీ ముదురుతుంది.

ఓవెన్ లేకపోతే

మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో రెండు కప్పుల రాళ్ల ఉప్పు పరచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత టిన్ను జాగ్రత్తగా దించి, మూత వేసి, మంట బాగా తగ్గించి 50 నుంచి 65 నిమిషాలు ఉంచండి. ప్రెషర్ కుక్కర్ వాడితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. అలా పొడిగా వేడి చేయడం కుక్కర్‌కు మంచిది కాదు కాబట్టి పాత గిన్నెనే ఎంచుకోండి. ఈ పద్ధతిలో పైభాగం ఓవెన్‌లో వచ్చినంత ఎర్రగా రాదు. రుచికి లోటుండదు. ఆ ఉప్పు వంటకు పనికిరాదు, దాచుకొని మళ్లీ దీనికే వాడుకోవచ్చు.

బ్రెడ్ కుదరకపోతే

మధ్యలో కుంగిందంటే ఉడకకముందే తలుపు తెరిచి ఉంటారు, లేదా సోడా ఎక్కువై ఉంటుంది. పైన మాడి లోపల పచ్చిగా ఉందంటే వేడి ఎక్కువ, ఈసారి 165 డిగ్రీల దగ్గర ఇంకాస్త సేపు ఉంచండి. అడుగున జిగట పొర వచ్చిందంటే గుజ్జు 300 గ్రాములు దాటింది. గట్టిగా, సాగుతూ ఉందంటే ఎక్కువ కలిపారు. కానుక ఇచ్చే రోజుకు వారం ముందే ఒకసారి ఇంట్లోకి చేసుకొని చూడటం మంచిది. ప్రతి ఓవెన్ వేడి ఒక్కోలా ఉంటుంది. ఆ మొదటి బ్రెడ్‌ను మీ ఇంటివాళ్లే తినేస్తారు, ఆ బెంగ వద్దు.

ఏ పని ఎవరిది?

ఈ కానుక పిల్లలది కావాలంటే పని వాళ్ల చేతుల్లో ఉండాలి. అమ్మ చేసి, పిల్లవాడు తీసుకెళ్లి ఇస్తే అది అమ్మ ఇచ్చిన కానుకే.

నర్సరీ నుంచి రెండో తరగతి వరకు పిల్లలు తొక్క తీయడం, పండు మెదపడం చేయగలరు. మూడు నుంచి ఐదో తరగతి వారికి తూకం అప్పగించండి. 60 గ్రాములు, 90 గ్రాములు, పావు, అర, ముప్పావు అన్నవి చేతికి తెలుస్తాయి. రెండు బ్రెడ్‌లకు కొలతలు ఎంతవుతాయో వాళ్లనే లెక్క కట్టమనండి. ఆరో తరగతి దాటినవారు కలపడం, టిన్నులో పోయడం, టైమర్ చూడటం అన్నీ చేయగలరు. వేడి టిన్ను లోపల పెట్టడం, తీయడం, ఉప్పు గిన్నెతో పని మాత్రం ఏ వయసు పిల్లలకైనా వద్దు, పెద్దవాళ్లే చేయాలి. అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ చేయాలి. గిన్నెలు కడగడం కూడా వంటలో భాగమే.

చల్లారాకే ప్యాకింగ్

ఓవెన్ నుంచి తీశాక 10 నుంచి 15 నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత జాలీ మీదకు తిప్పండి. పూర్తిగా చల్లారడానికి కనీసం గంటన్నర పడుతుంది. వెచ్చగా ఉండగా డబ్బాలో పెడితే లోపల ఆవిరి చేరి మర్నాటికి బ్రెడ్ చెమ్మగిల్లుతుంది, వానాకాలంలో బూజు త్వరగా వస్తుంది. ముందు రోజు సాయంత్రం చేసి, రాత్రి చల్లార్చి, పొద్దున కోయడం అనువుగా ఉంటుంది. మర్నాటికి తేమ అంతటా సర్దుకొని రుచి ఇంకా బాగుంటుంది.

బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులకు మించి ఉంచవద్దు. రెండేసి ముక్కలు బటర్ పేపర్‌లో చుట్టి దారం కట్టండి. దానితో ఒక చీటీ పెట్టండి. చీటీలో చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలి, అందులో ఏమున్నాయి అన్నవి రాయాలి. ‘గోధుమ, మైదా, పాలు, పెరుగు ఉన్నాయి. గుడ్డు లేదు. గింజలు లేవు’ అని పిల్లవాడి చేతిరాతతో ఉంటే చాలు.

చీటీ వెనక వైపు ఒక వాక్యం. ‘థ్యాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్’ వద్దు. దేనికి థ్యాంక్యూ చెబుతున్నాడో పిల్లవాడిని ఆలోచించి రాయమనండి. భిన్నాలు మూడోసారి చెప్పించుకున్నప్పుడు కూడా విసుక్కోనందుకు. జ్వరం వచ్చిన రోజు మీరు వచ్చేదాకా పక్కన కూర్చున్నందుకు. బస్సులో మరిచిపోయిన నీళ్ల సీసాను దాచి ఇచ్చినందుకు. ఆ ఒక్క వాక్యం రాయడానికి కొందరు పిల్లలకు వంటకు పట్టినంత సేపు పడుతుంది. పట్టనివ్వండి. తీసుకున్నవారు బ్రెడ్ తినేశాక దాచుకునేది ఆ చీటీనే.

ఎవరికి ఇద్దాం?

సెప్టెంబర్ 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినం. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు క్లాస్ టీచర్ బల్ల నిండిపోతుంది. అదే భవనంలో బల్ల కూడా లేనివాళ్లు కొందరుంటారు.

మీ పిల్లవాడి రోజును ఒకసారి మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూడండి. పొద్దున తలుపు తీసి పైకి ఎక్కించే డ్రైవర్ అన్న. గేటు దగ్గర ఐడీ కార్డు చూసే వాచ్‌మన్ తాత. చిన్న తరగతుల పిల్లలను బాత్రూమ్‌కు తీసుకెళ్లే, లంచ్ బాక్స్ మూత తీసిపెట్టే ఆయమ్మ. తరగతి ఊడ్చేవారు. లైబ్రరీలో పుస్తకం వెతికిచ్చే మేడమ్. వీళ్లలో ఎవరి పేర్లు మీ పిల్లవాడికి తెలుసో అడగండి. ‘ఆయమ్మ’ అన్నది పేరు కాదు కదా, ఆమె పేరేమిటి? తెలియకపోతే చీటీ రాయడానికైనా తెలుసుకోవాల్సి వస్తుంది. ఈ మొత్తం పనిలో పిల్లలు నేర్చుకునే అసలు పాఠం అదేనేమో.

రెండు బ్రెడ్‌లు చేస్తే ఇరవై ముక్కలు, రెండేసి చొప్పున పది పొట్లాలు అవుతాయి. టీచర్‌కి ఇచ్చిన పొట్లం, ఆయమ్మకు ఇచ్చిన పొట్లం ఒకే సైజులో, ఒకే కాగితంలో ఉండాలి. ఆ తేడా పెద్దవాళ్లు మాట్లాడకపోయినా పిల్లలు చూస్తారు.

బయటి తినుబండారాల విషయంలో మీ బ్రాంచి నిబంధన ఏమిటో ఫ్రంట్ ఆఫీసులో ముందుగా కనుక్కోండి. తరగతిలో ఇతర పిల్లలకు పంచవద్దు. ఎవరికి ఏది పడదో మనకు తెలియదు. పొద్దున హడావుడిలో కాకుండా సాయంత్రం ఇళ్లకు వెళ్లే వేళ, పిల్లవాడే స్వయంగా చేతికి అందించేలా చూడండి. నలుగురి ముందు నిలబెట్టి ఫొటో తీయకండి. తీసుకునేవారికి అది మొహమాటం. ఎవరైనా వద్దంటే బలవంతం చేయకండి. చీటీ ఒక్కటే ఇచ్చి నమస్కారం పెట్టి రమ్మనండి, అదీ పూర్తి కానుకే.

ఇంకో మాట. ఇలా ఇంట్లో చేసి ఇష్టమైనవారికి ఇవ్వడం వేరు, నలుగురూ మెచ్చుకున్నారని అమ్మడం మొదలుపెట్టడం వేరు. అమ్మకానికి ఆహార భద్రత సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి.

క్లాసు గ్రూపులో ఈసారి బహుమతి చర్చ వచ్చినప్పుడు డబ్బు వసూలుకు బదులు ఒక మాట ప్రతిపాదించి చూడండి. ఈ వారం ఎవరింట్లో అరటిపళ్లు ఎక్కువ పండిపోయాయి? ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇంట్లో చేసుకుంటే ఓవెన్ లేనివారికి ఓవెన్ దొరుకుతుంది, పిల్లలకు తోడు దొరుకుతుంది. డబ్బాలో పెట్టి ఇస్తే ఆ డబ్బా మీద మీ పేరు రాయకండి. తిరిగి ఇవ్వాలన్న బాధ్యత వారికి వద్దు. అయినా ఒకవేళ అది తిరిగి వస్తే, మన వాళ్ల అలవాటు తెలుసు కదా, మూత తీసి చూడండి. ఖాళీగా మాత్రం రాదు.